కడుపు నిండుట – ఒంటికి పట్టుట

కడుపు నిండడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు. ఈ భేదాన్ని తెలుగు నుడికారం ఏనాడో గుర్తించింది. మొదటిదానికి కావలసినది పరిమాణం. రెండవదానికి కావలసినది పొందిక. స్వల్పాదాయంతో సంసారం ఈదుకొస్తున్న ఇల్లాలు గాని, పట్టణంలో గది అద్దెకు తీసుకొని చదువుకుంటున్న విద్యార్థి గాని ముందుగా వెదకేది కడుపు నింపే పదార్థాన్నే. అందులో దోషమేమీ లేదు. ఆకలి ముందు శాస్త్రం నిలువదు. కాని ఆ మొదటి అవసరం తీరిన తరువాత చేతిలో మిగిలిన పది రూపాయలను దేనిమీద వెచ్చించాలన్న చోటనే వివేకానికి పని పడుతుంది. చవుకైన తిండి నాసి తిండి కానక్కరలేదు. హెచ్చు వెల పెట్టి కొన్నంతమాత్రాన అది హితమైన ఆహారమూ కాబోదు. ఈ రెండు మాటలకూ సాక్ష్యం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. అది తెలుగు నేలమీదనే దొరుకుతుంది.

కృష్ణా గోదావరీ మండలాలకు అన్నపూర్ణ అని పేరు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ధవళేశ్వరం వద్ద, బెజవాడ వద్ద ఆనకట్టలు వెలసిన తరువాత అక్కడ పొలమంటే వరిపొలమే అన్నంతగా సాగు పెరిగింది. అటువంటి సీమలో అన్నం తినేవారికి అన్నం వలననే జబ్బు చేస్తుందని ఎవరు ఊహిస్తారు? అయినా జరిగినది అదే. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఈ దేశంలో బెరిబెరి వ్యాధి ప్రధానంగా కనిపించిన ప్రాంతం, ఆనాడు ఉత్తర సర్కారులని వ్యవహరించిన కోస్తా తెలుగు జిల్లాలు. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడడం, కొందరిలో ఒళ్ళంతా నీరు దిగి గుండె నీరసించడం ఆ వ్యాధి లక్షణాలు. పాలిచ్చే తల్లికి పైకి ఏ బాధా కనిపించకపోయినా, ఆమె పాలలో ఆ సత్తువ చాలక చంటిబిడ్డ ఉన్నట్టుండి ప్రాణం విడిచే సందర్భాలు కూడా ఉండేవి.

దీనికి మూలం తెల్లని బియ్యం. వడ్లను రోట పోసి దంచిన రోజులలో గింజమీది సన్నని తవుడు పొర కొంత మిగిలేది. ఆ పొరలోనే థయామిన్ అనే విటమిను ఉన్నది. మరలు వచ్చి బియ్యానికి మల్లెపువ్వు వన్నె తెచ్చినవి. ఆ వన్నెతోపాటు విటమిను వెళ్ళిపోయింది. విచిత్రమేమంటే, వడ్లను ఉడికించి ఆరబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఈ వ్యాధి పొడ అంతగా కనిపించలేదు. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని విటమిను కొంత గింజ లోపలికి దిగుతుంది. తరువాత మరలో ఎంత తెల్లగా ఆడించినా అది పూర్తిగా పోదు. కోస్తా వారికి ఉప్పుడు బియ్యపు వాసన గిట్టలేదు. పచ్చి బియ్యం, అందులోనూ పాతవి, తెల్లనివి అయితేనే మర్యాద.

ఈ సమస్యను పరిశోధించడానికి 1918లో నీలగిరులమీది కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న విచారణ కేంద్రాన్ని నెలకొల్పారు. ఆయన తరువాత ఆక్రాయిడ్ మొదలైనవారు బియ్యపు సమస్యను ఇంకా లోతుగా శోధించారు. ఆ చిన్న కేంద్రమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. దేశమంతటికీ ఆహార ప్రమాణాలు నిర్ణయించే సంస్థకు పుట్టుక నిచ్చినది బెరిబెరి విచారణ అన్న సంగతి విద్యార్థులకు పాఠ్యగ్రంథాలలో అంతగా కనబడదు.

మర చేసిన నష్టానికి తోడు వంటింటి నష్టం ఒకటి ఉన్నది. బియ్యాన్ని నీళ్ళు తేటపడేదాకా మూడుసార్లు కడగడం, ఎసరు ఎక్కువ పెట్టి ఉడికించి గంజి వార్చడం చాలా ఇళ్ళలో అలవాటు. మిగిలిన కొద్దిపాటి విటమినూ నీటితో కలిసి పోతుంది. తవుడు పశువుల దాణాకు, కడుగు కుడితి తొట్టికి, గంజి కూడా తరచు అక్కడికే. లెక్క కట్టి చూస్తే ఆనాటి కలవారి ఇంట బియ్యంలోని సారాన్ని సంపూర్ణంగా ఆరగించినది పెరటిలోని గేదె ఒక్కటే! ఆ గంజిలో ఉప్పు వేసుకొని తాగిన పాలేరు పోయినదానిలో కొంత తిరిగి రాబట్టుకున్నాడు. పెద్దమ్మలు కొందరు అత్తెసరు పెట్టేవారు. కొలిచిన నీళ్ళలోనే అన్నం ఉడికి ఇమిడిపోయేది, వార్చే పని ఉండేది కాదు. నేటి విద్యుత్తు కుక్కరు చేసే పని సరిగా అదే. గంజి వార్చకపోవడానికి పైసా ఖర్చు లేదు, ఆదా అయ్యే ఇంధనం అదనపు లాభం.

ఈ కథ విని, అయితే దోషమంతా వరిదే, మెట్టధాన్యాలు తిన్నవారు దృఢకాయులై నూరేండ్లు బ్రతికారు అని తీర్పు చెప్పేవారు నేడు ఎక్కువైనారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఆ మాట మరీ బలపడింది. నిజం అంత సులభంగా లేదు. దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్న సంకటి తప్ప మరొకటి ఎరుగని నిరుపేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి ఉండేది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి చలించడం దాని గుర్తులు. మొక్కజొన్న మాత్రమే తినే అమెరికా, ఐరోపా బీదలలో ఈ జబ్బు ముందే తెలిసినది. జొన్న తినేవారికీ వస్తుందని, ఆ గింజలో ల్యూసిన్ అనే పదార్థం హెచ్చుగా ఉండడం ఇందుకు హేతువని 1960లో హైదరాబాదు నుండి గోపాలన్, శ్రీకంఠయ్యలు ప్రతిపాదించారు. ఆ హేతువుపై తరువాత వాదోపవాదాలు జరిగినవి గాని, జబ్బు మాత్రం కళ్ళెదుటి సత్యం.

డెల్టాలో వరి, దక్కనులో జొన్న. ఒకటి కలిమి ధాన్యం, మరొకటి లేమి ధాన్యం. రెండు చోట్లా జబ్బు చేసినది ధాన్యం కాదు, ధాన్యపు ఒంటరితనం. పళ్ళెంలో రెండవ వస్తువు, మూడవ వస్తువు లేకపోవడం. తక్కువ డబ్బుతో బాగా తినడమనే సమస్య అంతా నిజానికి ఈ రెండవ వస్తువును సంపాదించే సమస్యయే.

ఆ రెండవ వస్తువు మొదట పప్పు. బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ తక్కువ; పప్పులో అది సమృద్ధి. పప్పులో కొరతపడే మెథియొనిన్ బియ్యంలో ఉన్నది. ఒకదాని వెలితిని మరొకటి పూడ్చుతుంది. ఈ రసాయన రహస్యం తెలియకుండానే తెలుగింటి వంటలు చాలావరకు ఈ జంటను పట్టుకొని పుట్టినవి: పులగం, ఇడ్లీ, అట్టు, ముద్దపప్పు అన్నం. శాస్త్రం పేరు పెట్టింది. వంటిల్లు ముందే పని చేసింది.

మూడవ వస్తువు ఆకు. దీని వెనుక ఒక తెలుగువాని కథ ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో తన సోదరులిద్దరిని స్ప్రూ అనే వ్యాధికి కోల్పోయినాడు. తానూ దాని బారిన పడి బయటపడ్డాడు. ప్రేగులు ఆహారాన్ని గ్రహించలేక మనిషి రక్తహీనుడై శుష్కించే జబ్బు అది. దరిమిలా 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ పదాన్నిబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసినది లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన బృందం. స్ప్రూ రోగులకు అది ఔషధమైంది. తోబుట్టువులను మింగిన జబ్బుకు మందు ఆకుకూర వన్నెలోనే దాగి ఉన్నదని ఆయనకు తెలిసేసరికి పాతికేళ్ళు గడిచిపోయినవి. ప్రభుత్వ పథకాల బియ్యంలో ఇనుముతోపాటు కలుపుతూ వచ్చినది ఈ ఫోలిక్ ఆమ్లాన్నే.

ఆకు కొనే పదార్థం కావడం కూడా ఇటీవలి సంగతి. మునగాకు ఆషాఢంలో తప్పక తినాలనే ఆచారం ఉండేది. చెట్టు పెరటిలోనిదే, కాకపోతే పొరుగువారి పెరటిలోనిది. తెలంగాణపు జొన్నచేలలో విత్తకుండానే మొలిచే కూరలు ఎన్నో. బతుకమ్మలో పేర్చే గునుగు, పూత రాకముందు లేత ఆకుగా కూరకు వచ్చేది. వినాయకచవితినాడు తుమ్మికూర వండే ఇండ్లు నేటికీ ఉన్నవి. కలుపుమందులు చల్లిన చేలలో ఇవి మొలవవు. బీదవాని జేబులో నుండి ఒక్క పైసా పోకుండానే అతని పళ్ళెంలో నుండి ఒక వస్తువు మాయమైంది. ఏ ధరల పట్టికలోనూ ఈ నష్టం కనిపించదు.

ఇక లెక్కల సంగతి. ఉపాధ్యాయులకు నిత్యం కళ్ళెదుట ఉండే లెక్క మధ్యాహ్న భోజనం. బడిలో అన్నం పెట్టే ఆలోచన కొత్తది కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ, పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షతన, థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో పిల్లవానికి రోజుకు ఒక అణా మించకుండా ఫలహారం పెట్టడానికి తీర్మానించింది. కొన్నేండ్లకే అది ఆగిపోయింది. తరువాత తమిళనాడు దారి చూపింది. 2001లో సర్వోన్నత న్యాయస్థానం వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండి అది అమలైంది. కేంద్రం నిర్ణయించిన ప్రకారం 2025 మే నెల నుండి ప్రాథమిక తరగతుల పిల్లవానికి పూటకు వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత తరగతులవానికి 10 రూపాయల 17 పైసలు. బియ్యం దీనికి వేరుగా వస్తుంది.

ఈ 6 రూపాయల 78 పైసలలో ఏముండాలో కూడా నిర్ణయమై ఉన్నది: 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, పోపు సామాను, వంటచెరకు. 100 గ్రాముల బియ్యంతో కలిపి పిల్లవానికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. వంద గ్రాముల బియ్యం ఇచ్చేది సుమారు 8 గ్రాములు. మిగిలిన నాలుగు గ్రాములూ ఆ ఇరవై గ్రాముల పప్పు నుండే రావాలి. సుమారుగా వస్తవి కూడా. అంటే నియమం కాగితంమీద సరిపోయింది గాని, ఎక్కడా జారుడు లేదు. కందిపప్పు ధర ఎగబాకిన నెలలో సాంబారు కొంచెం పలుచబడితే చాలు, ఆ లెక్క అక్కడికక్కడే తప్పుతుంది. పిల్లవాని కడుపు మాత్రం నిండుతుంది. అన్నానికి కొరత లేదు గదా. అందుకే ఆ భోజనాన్ని రుచి చూసే ఉపాధ్యాయుడు ఉప్పు కారాలకంటె ముందు గరిటె అడుగున పప్పు తగులుతున్నదా లేదా అని చూడడం మంచిది. రెండు తెలుగు రాష్ట్రాలూ వారంలో కొన్ని రోజులు కోడిగుడ్డును చేర్చడం ఈ దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో రాగిజావ, వేరుశనగ చిక్కీ కూడా చేరినవి.

ఇదే లెక్క ఇంటికీ వర్తిస్తుంది. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిన నాటి నుండి తెలుగునాట బీదవానికి అన్నం భయం క్రమంగా తగ్గుతూ వచ్చింది. 2023 జనవరి నుండి మనిషికి నెలకు ఐదు కిలోలు ఉచితం. తెలంగాణలో 2025 నుండి సన్నబియ్యం ఆరు కిలోలు. ఇది గొప్ప ఊరట. కాని ఒకటి గమనించాలి. ఉచితంగా వచ్చేది మొదటి వస్తువు మాత్రమే. రెండవదీ మూడవదీ అంగడిలో కొనవలసినవే. ఐదు కిలోలంటే రోజుకు 165 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం 2000 కేలరీల దినభోజనంలో ధాన్యం 250 గ్రాములు చాలు; పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ధాన్యంలో మూడింట రెండు వంతులు చౌకధరల దుకాణమే ఇస్తున్నది. అక్కడ ఆదా అయిన సొమ్ము పప్పు డబ్బాలోకి పోయిందా, మరెక్కడికైనా పోయిందా అన్నదే అసలు ప్రశ్న. 85 గ్రాముల పప్పు, పావులీటరుకు మించిన పాలు ప్రతి మనిషికీ కొనడం కూలి కుటుంబానికి కష్టమే. ఆ మాట దాచి హితబోధ చేయడం న్యాయం కాదు. అయినా 20 గ్రాముల చోట 40 గ్రాములు చేయడం చాలామందికి సాధ్యం.

పట్టణాలలో గదులు తీసుకొని పోటీ పరీక్షలకు చదివే విద్యార్థుల పద్ధతి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టపడుతుంది. గదిలో కుక్కరులో అన్నం. వీధి మలుపులోని కర్రీ పాయింట్ నుండి ఒక పొట్లం కూర, ఒక పొట్లం సాంబారు. కూర తరచు బంగాళాదుంప, లేదా నూనెలో ఈదే వంకాయ. సాయంకాలం టీ, బిస్కట్లు. కడుపు నిండుతుంది, డబ్బూ ఖర్చవుతుంది, ఒంటికి పట్టేది మాత్రం స్వల్పం. అదే కుక్కరులో బియ్యంతోపాటు రెండు గుప్పెళ్ళు పెసరపప్పు, కడిగి తరిగిన గుప్పెడు తోటకూర వేస్తే పులగం సిద్ధమవుతుంది. వేరే గిన్నె అక్కరలేదు, వేరే మంట అక్కరలేదు. దించిన తరువాత నిమ్మకాయ పిండితే రుచికి రుచి, పైగా నిమ్మలోని సి విటమిను ఆకులోని ఇనుమును ఒంటికి పట్టేట్టు చేస్తుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ దానికి సరిగా విరుద్ధమైన పని చేస్తుంది. గంట ఆగి తాగితే నష్టం తగ్గుతుంది. బిస్కట్లకు పెట్టే పైకంతో వేయించిన శనగలో, ఉడికించిన వేరుశనగలో కొనవచ్చు. తడిగుడ్డలో మూటకట్టిన పెసలు పొయ్యి లేకుండానే తెల్లవారేసరికి మొలకెత్తుతవి.

పండు విషయంలో పేరుకు ఇచ్చినంత గౌరవం గుణానికి ఇవ్వడం లేదు. రోగిని చూడబోయేవారు ఆపిల్ పండ్లు పట్టుకుపోతారు. వంద గ్రాముల జామపండులో సి విటమిను 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఆపిల్‌లో ఉండేది వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినంత. రాగులదీ అదే కథ. వంద గ్రాముల రాగులలో సున్నం సుమారు 340 మిల్లీగ్రాములు. తెల్ల బియ్యంలో దానిలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. కొర్రలు, అరికలు, ఊదలు నాగరికుల పథ్యంగా మారి బియ్యాన్ని మించిన వెల పలుకుతున్నవి గాని రాగి ఇంకా సామాన్యుని చేతికందే దూరంలోనే ఉన్నది. పశువులకు ఉడకబెట్టిన ఉలవల నీరు చారుగా మారి విందుభోజనాలలో గౌరవస్థానం పొందడం చూస్తే, చిన్న డబ్బాలలో రాగులమ్మే రోజు కూడా ఎంతో దూరంలో లేదనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినది వంట ముగిసేదాకా సాగే లెక్క. వడ్డన లెక్క వేరే ఉన్నది. పొదుపుగా నడిచే ఇంట ఆ పొదుపు అందరి పళ్ళేలమీద సమానంగా పడదు. పిల్లలు తిన్న తరువాత, ఇంటి యజమాని తిన్న తరువాత, వచ్చిన చుట్టం తిన్న తరువాత వండినావిడ కూర్చుంటుంది. అప్పటికి అన్నం ఉంటుంది. పప్పు గిన్నెలో అడుగు కనిపిస్తుంది, కూర గిన్నెలో నూనె మిగులుతుంది. ఆమె పచ్చడితోనో మజ్జిగతోనో కానిస్తుంది. డెల్టానూ దక్కనునూ పీడించిన ఒంటరి ధాన్యం ఈనాడు ఒకే ఇంటిలో ఒకే పళ్ళెంలో మిగిలి ఉన్నదన్నమాట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 మంది అని తేలింది. వరి పండే జిల్లాలు, మెట్ట జిల్లాలు అన్న భేదం లేకుండా రెండు రాష్ట్రాలలోనూ సగానికి మించిన స్త్రీల సంగతి ఇది. దీనికి వడ్డన క్రమం ఒక్కటే కారణమని చెప్పలేము. కాని 2020లో నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పురుషునికి రోజుకు కావలసిన ఇనుము 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29. ఎక్కువ కావలసినవారికి తక్కువ మిగిలే ఏర్పాటు ఏ విధంగా చూసినా తలక్రిందులైనదే.

పప్పుకూర పొయ్యిమీది నుండి దింపగానే, వడ్డన మొదలు కాకముందే, ఆమె పాలు వేరొక గిన్నెలోకి తీసి మూతపెట్టడానికి దినవెచ్చంలో పైసా పెరగదు. అయితే ఆ గిన్నె ఆమె తనకై తాను తీసిపెట్టుకోదు. ఆ పని బడి నుండి వచ్చిన కొడుకో కూతురో చేయవలసినది.